జాడీలు అటక దిగాయండోయ్

ఈ ఏడు ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాల్లోకి ఎత్తలేదండి, అమలాపురంలో అమ్మమ్మగారి జాడీలు అటక మీంచి దింపించి కడిగి ఎర్రటి ఎండలో బోర్లించి వాటిల్లోకే ఎత్తాం. "ఇన్నేళ్ళు తిన్నాం, ఏమైందే ఇప్పుడు?" అన్నారు అత్తయ్యగారు, ఆవిడ మాటా కొట్టిపారేయలేం. కానీ కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తగా ఉండటానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతారు, అవి నూనెలోకి తేలిగ్గా దిగిపోతాయంట, మరి ఆవకాయంటే నూనేగా! పాలీకార్బనేట్ గట్టి సీసాల్లో ఉండేది బీపీఏ (బిస్ఫినాల్ ఏ అనే రసాయనం), వేడి తగిలితే ఇంకా ఎక్కువ బయటికొచ్చి ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనులా వేషం కడుతుంది. యూరప్‌లో 2011లోనే పసిపిల్లల పాలసీసాల్లో దాన్ని ఆపేశారు. 'బీపీఏ ఫ్రీ' అని చూసి సంబరపడిపోకండి, కొన్నిట్లో బదులుగా బీపీఎస్ (బిస్ఫినాల్ ఎస్) వాడతారు, అదీ ఆ తానుముక్కే.

నాకు అసలు ఒళ్ళు మండేది పొగలు కక్కే చేపల పులుసు పల్చటి కవర్లో పోసి ముడేసి ఇవ్వడం. ఇప్పుడు స్టీలు క్యారేజీ పట్టుకెళ్తున్నా, హోటలాయన నవ్వుతాడు గానీ ఓ గరిటె ఎక్కువే పోస్తాడు 😄 ఇల్లు తుడిచే సెంటు లిక్విడ్ మాత్రం మా ఆయన వదలనంటున్నారు, ఆ ఘుమఘుమలోనూ థాలేట్లు ఉండొచ్చండీ, లేబుల్ మీద విడిగా రాయరు అంటే వినరే... ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.