చప్పట్లకూ చేతులకూ మధ్య మూడు ఫ్రేములు

నిరుడు సద్దుల బతుకమ్మకు మునుగోడు దగ్గరి మా అమ్మమ్మ ఊరికి వెళ్లినప్పుడు, వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి ఆడిన ఆటను మొదటి నుంచి చివరి దాకా ఏకబిగిన తీసి పెట్టుకున్నాను. మా పెద్దమ్మకు వచ్చిన పాటల్లో సగం కూడా మా ఇంట్లో ఇంకెవరికీ రావు కాబట్టి, బొమ్మ ఎలా ఉన్నా గొంతు మాత్రం శుభ్రంగా దొరకాలన్నది నా పంతం. అందుకని ఫోనును ఎదురింటి మిద్దె మీద స్టాండుకు బిగించి, చిన్న వాయిస్ రికార్డర్‌ను పలుచని గుడ్డ కప్పి, నడుమ పేర్చిన బతుకమ్మల పక్కన పీట మీద పెట్టాను. ఆట 42 నిమిషాలు సాగింది.

నల్లగొండకు తిరిగి వచ్చాక, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో కెడెన్‌లైవ్ అనే వీడియో ఎడిటర్‌ను తెరిచి రెండు ఫైళ్లనూ ఒకదాని కింద ఒకటి పరిచాను. సినిమా వాళ్లు బొమ్మనూ ధ్వనినీ కలపడానికి క్లాప్ కొడతారు. బతుకమ్మలో ఆ అవసరమే లేదు, అడుగడుగుకూ చప్పట్లే. ధ్వని గీతలో మొదటి చప్పట్లు ముల్లులా లేచిన చోటును పట్టుకొని, తెర మీద చేతులు కలిసిన ఫ్రేముకు (వీడియోలో సెకనుకు ముప్పై లెక్కన వచ్చే నిశ్చల బొమ్మల్లో ఒకదానికి) సరిగ్గా ఆనించి, పని అయిపోయిందనుకున్నాను. చివరి పది నిమిషాలు మా అమ్మకు చూపిస్తే ఆమె రెండు వరుసలైనా వినకముందే, “అగో, చేతులు ముందుగాల్నే కలుస్తున్నయి బిడ్డా, పాట ఎన్కనే వస్తున్నది,” అన్నది.

మొదట నేను రికార్డర్‌నే అనుమానించాను, రెండు రోజులు అనవసరంగా దాని వెంటే పడ్డాను. అది ధ్వనిని సెకనుకు 44,100 నమూనాల లెక్కన రాసుకుంది, నా ప్రాజెక్టు 48,000 మీద ఉంది. ఆ తేడాను ఎడిటర్ సరిచేయకపోయి ఉంటే 42 నిమిషాల పాట మూడు నిమిషాలకు పైగా కుదించుకుపోయి, పెద్దమ్మ గొంతు పిల్లగొంతుగా మారి ఉండేది. అలా ఏమీ కాలేదు. ఇక మిగిలింది గడియారం. ప్రతి పరికరంలోనూ కాలాన్ని లెక్కించే క్వార్ట్జ్ పలుకు ఒకటి ఉంటుంది, ఏ రెండూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. అయితే పది లక్షల సెకన్లకు ఇరవై సెకన్ల తేడా ఉన్నదనుకున్నా, 42 నిమిషాలకు వచ్చే ఎడం సెకనులో ఇరవయ్యో వంతు, అంటే ఒకటిన్నర ఫ్రేము మాత్రమే. నాకు చివరన కనిపిస్తున్నది రెండు సెకన్ల ఎడం. పోనీ అని ఫోను తానే రాసుకున్న ధ్వనిని విన్నాను. అదీ అలాగే వెనకబడి ఉంది. అప్పుడు గానీ తప్పు బొమ్మదేనని నాకు తట్టలేదు.

ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో వీడియో ఫైలును తెరిచి చూస్తే ఫ్రేమ్ రేటు ‘వేరియబుల్’, అంటే మారుతూ ఉండేది, అని ఉంది. పొద్దుగూకి వెలుతురు తగ్గుతున్న కొద్దీ, బొమ్మ మరీ నల్లబడకుండా ఫోను ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు తెరిచి ఉంచి, అక్కడక్కడా సెకనుకు ముప్పై కంటే తక్కువ ఫ్రేములు తీసింది. ముప్పై లెక్కన ఉండవలసిన 75,600 ఫ్రేముల్లో సుమారు అరవై తక్కువగా ఉన్నాయి. నా ఎడిటర్ మాత్రం అన్నింటినీ సమానమైన ఎడంతో నడిపించడం వల్ల బొమ్మ ముందే అయిపోయి పాట వెనక మిగిలింది. (నా దగ్గరున్నది పాత వెర్షన్, కొత్తవాటిలో ఇలాంటి ఫైలు వేయగానే హెచ్చరిక వస్తుంది.) హ్యాండ్‌బ్రేక్‌ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్‌లో ‘కాన్‌స్టంట్’ (స్థిరమైన రేటు) ఎంచుకొని 30 ఫ్రేములకు మార్చుకున్నాను. ఫ్రేము లేని చోట అది పక్క ఫ్రేమునే మళ్లీ పెట్టి లెక్క సరిచేస్తుంది. నా కంప్యూటర్‌కు ఆ పని రాత్రంతా పట్టింది.

ఈసారి చేత్తో పేర్చే ఓపిక లేక, ధ్వనిని చూసి రెండు ట్రాకులను తానే కలిపే సదుపాయాన్ని వాడాను. మొదటి నుంచి చివరి దాకా ఎడం ఒక్కటే, ఇక పెరగడం లేదు; అయినా చప్పట్లు ప్రతిసారీ చేతుల కంటే రవ్వంత ఆలస్యంగానే వినిపిస్తున్నాయి. లెక్కపెడితే సరిగ్గా మూడు ఫ్రేములు. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు ఏమీ లేదు. చెరువు అవతలి గట్టున ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే, బట్ట బండను తాకినట్టు ముందు కనిపించి చప్పుడు తర్వాత రావడం మనకు తెలిసిందే. ఫోను ఉన్న మిద్దె నుంచి ఆట దాకా నలభై అయిదు అంగలు, సుమారు 34 మీటర్లు. ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది కాబట్టి చప్పట్లు ఫోనును చేరడానికి సెకనులో పదో వంతు పట్టింది. ఎడిటర్ పీట మీది శుభ్రమైన ధ్వనిని తెచ్చి, ఆలస్యంగా చేరిన ఆ ధ్వనికి కట్టేసింది. రికార్డర్ ట్రాకును మూడు ఫ్రేములు ముందుగా వినిపించేలా జరిపాను. పాట ఆలస్యమైతే మన కన్ను కొంత ఓర్చుకుంటుంది, ముందే వస్తే ఓర్చుకోదు; ప్రసార ప్రమాణాల్లో కూడా గుర్తుపట్టగల హద్దు ముందుకు 45 మిల్లీసెకన్లు, వెనక్కు 125 అని ఉంటుంది. అలా చూస్తే నా మూడు ఫ్రేములు హద్దు లోపలివే. కానీ చప్పట్ల ఆటలో అవి నాకు పంటి కింద రాయిలా తగిలాయి.

ధ్వనిని కడగడం ఆడాసిటీ అనే ధ్వని ఎడిటర్‌లో చేశాను. కీచురాళ్ల రొద ఎడతెగనిది కాబట్టి, పాటకూ పాటకూ మధ్య దొరికిన రెండు సెకన్ల ఖాళీని నమూనాగా చూపించి దాన్ని తగ్గించగలిగాను. 12 డెసిబెల్స్ దాటితే మాత్రం గొంతులు నీళ్లలో మునిగినట్టు అవుతున్నాయి. పక్క వీధి డీజే బాక్సుల దరువు ఆ పద్ధతికి లొంగలేదు, ఎందుకంటే అది ఆగి ఆగి వస్తుంది. అంత దూరం నుంచి వచ్చేది అడుగు శ్రుతే గనుక 100 హెర్ట్జ్‌కు కిందిదంతా కోసేశాను. ఆడవాళ్ల గొంతులు చాలావరకు దానికి పైనే ఉండటంతో పాటకు నష్టం రాలేదు.

పాటల పేర్లు తెర మీద వేయబోతే, నేను ముందు ప్రయత్నించిన మరో ఎడిటర్‌లో వత్తులు అక్షరం కిందకు రాక పక్కకు జారాయి, అందుకే పేర్లను బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో రాసి బొమ్మలుగా అతికించాను. టైటిల్‌కు తంగేడు, గునుగు పూలు ఒక్కొక్కటే వచ్చి పేరుకొనేలా చిన్న యానిమేషన్ కూడా చేశాను గానీ, దాని గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు.

ఈ ఏడు ఎంగిలిపూల నాటికే ఊరికి పోయి, షట్టర్‌నూ ఫ్రేమ్ రేటునూ మన చేతిలో ఉంచే కెమెరా యాప్‌తో ఒకసారి తీసి చూడాలనుకుంటున్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములూ, సెకనులో యాభయ్యో వంతు షట్టరూ పెడితే వీధి దీపాల కింద చారలు కూడా పడవు. ఫోను మాత్రం మళ్లీ ఆ మిద్దె మీదే పెడతాను; కింద నిలబెడితే ఆట గుండ్రం కనిపించదు. అంగలు ఎలాగూ కొలిచే ఉన్నాయి.