మూడు రాడ్ల జీపు కోసం తాడిపత్రి దాకా

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం చీకటితోనే కర్నూలులో బయల్దేరాం, నేనూ మా మెకానిక్ భాయ్. బండి వెనకాల జాకీ, స్పానర్ల పెట్టె, టార్చి, ఒక అయస్కాంతం, కింద పరుచుకుని పడుకోవడానికి పాత దుప్పటి పెట్టుకున్నాం. గోనెసంచిలో చుట్టిన ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజను శక్తిని ముందు చక్రాలకు కూడా పంచే గేర్ల పెట్టె, ఒకటి కూడా ఉంది. నా దగ్గర అదనంగా పడి ఉంటే తాడిపత్రిలో ఒక కుర్రాడు తీసుకుంటానన్నాడు. పాత జీపు కోసం మూడేళ్లుగా తిరుగుతున్నాను. ఈసారి ఒకే దారిలో రెండు బండ్ల కబురు వచ్చింది.

డోన్‌లో ఆగి ఉగ్గాణి, బజ్జీలు తిన్నాం. తెల్లవారుతుంటే గుత్తి కోట కొండ కనిపించింది. మొదటి బండి ఆ తర్వాత హైవే పక్కనున్న ఒక షెడ్డులో ఉంది. అమ్మేవాళ్లు '44 మోడల్ మిలిటరీ విల్లీస్' అన్నారు, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన జీపు. ఆరున్నర లక్షలు చెప్పారు. దూరం నుంచి చూస్తే నిజంగానే గుండె ఝల్లుమంది. పచ్చరంగు, బానెట్ మీద తెల్ల నక్షత్రం, పక్కన పార, గొడ్డలి.

భాయ్ ఏమీ మాట్లాడకుండా దుప్పటి పరిచి కిందకి దూరాడు. యుద్ధకాలపు విల్లీస్‌కి రేడియేటర్ కింద చాసిస్‌ను కలిపే అడ్డకమ్మీ గుండ్రటి పైపు. అదే కాలంలో ఫోర్డ్ కంపెనీ చేసిన జీపుకి అక్కడ మడిచిన పట్టీ ఉంటుంది. ఈ రెంటిలో ఏదో ఒకటి కనిపించాలి, రెండూ లేవు. ముందు గ్రిల్‌కి తొమ్మిది సందులున్నాయి, అది మిలిటరీ లెక్కే. కానీ వెనక నుంచి చూస్తే కొత్త రేకు కోసి వెల్డింగ్ పెట్టినట్టు తెలిసిపోయింది. యుద్ధకాలపు జీపుకి వెనక తలుపు ఉండదు. దీనికి ఉన్న తలుపును మూసి అతికించిన గీత పెయింట్ కింద ఉబ్బి కనిపిస్తోంది. అయస్కాంతం పెడితే సగం చోట్ల పట్టలేదు, అంతా లప్పమే. ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. చాసిస్ నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్ పెట్టిన మెరుపు చూశాక మాత్రం నాకు భయమేసింది. ఆ బండి అసలు ఎవరిదో, ఎక్కడిదో! నంబరు లేని బండి కొన్నవాడు రేపు ఏ ఆర్టీవో ముందు నిలబడి ఏం చెప్పుకుంటాడు? చక్కటి పాత మహీంద్రాను విల్లీస్ అని అమ్మడానికి ముక్కలు చేశారన్న బాధ కూడా తక్కువది కాదు. మాట పెంచకుండా నమస్కారం పెట్టి బయటికొచ్చాం.

తాడిపత్రిలో ట్రాన్స్‌ఫర్ కేసు బేరం పది నిమిషాల్లో అయిపోయింది. లోపల ఒక బేరింగ్ మోత చేస్తుందని నేనే చెప్పి వెయ్యి తగ్గించాను. ఆ అబ్బాయి మూడు నెలలుగా దాని కోసమే బండి విప్పేసి పెట్టుకున్నాడట. సంచి ఎత్తుకున్నప్పుడు అతని మొహం చూస్తే, ఆ వెయ్యి రూపాయలు పోయినట్టే అనిపించలేదు.

రెండో బండి పెన్న ఒడ్డున ఒక పల్లెలో ఉంది. శనక్కాయ మూటలు వేసుకునే కొట్టంలో, టార్పాలిన్ కింద. పెద్దాయన పట్టా లాగేసరికి దుమ్ము లేచింది. మహీంద్రా సీజే 3బీ, 1968లో రిజిస్టరైంది. ఎత్తు బానెట్, ఏడు సందుల గ్రిల్. ఈ మోడల్‌లో ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. దాంతో పాత మోడళ్లకన్నా ఇంజను ఎత్తు పెరిగింది కాబట్టే బానెట్ కూడా లేచింది. మా వైపు ఇలాంటి పెట్రోలు ఇంజన్లు పీకేసి డీజిల్ ఇంజన్లు పెట్టుకోని వాళ్లు తక్కువ. ఇందులో పాతదే ఉంది.

"ట్రాక్టరు వచ్చినాక దీని పని అయిపోయింది నాయనా. మా నాయన బండి. అమ్మబుద్ధి కాక ఈడనే పెట్టుకున్యా" అన్నాడు పెద్దాయన.

భాయ్ మళ్లీ దుప్పటి పరిచాడు. ఈసారి చాలాసేపు కింద నుంచి రాలేదు. వచ్చాక ఒకే మాట అన్నాడు: "చాసిస్ బంగారం." దేశంలో వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. రైతుకు ఏడుపు తెప్పించే ఆ ఎండే పాత ఇనుమును మాత్రం కాపాడుతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఇదే వయసు బండ్ల ఫ్లోర్ రేకు వేలితో పొడిస్తే రాలిపోవడం నేను చూశాను. ఇక్కడ ఫ్లోర్ గట్టిగా ఉంది. కమాన్ కట్టల్లో రెండు పట్టీలు విరిగాయి, ఆయిల్ సీళ్లన్నీ ఎండిపోయాయి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ఆర్సీలో ఉన్న నంబరు అక్షరం తేడా లేకుండా వచ్చింది.

"అబద్ధమెందుకు, బ్రేకు నిలబడదు. సెల్ఫ్ మోటారు చచ్చిపోయింది. మూడు రాడ్లూ పని చేస్తాయి" అన్నాడాయన. గేరు రాడ్డు కాక, ముందు చక్రాలు కలపడానికి ఒకటి, హై, లో (మామూలు వేగం, నెమ్మదిగా ఎక్కువ బలం) మార్చడానికి ఒకటి. వాటిని తారు రోడ్డు మీద పరీక్షించకూడదు. ఫోర్‌వీల్‌లో, అంటే ముందు చక్రాలు కూడా కలిపినప్పుడు, ముందు వెనక యాక్సిళ్లు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, టైరు జారే వీలు లేకపోతే ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. ఇసుకైతే టైరు జారుతుంది.

మా బండి బ్యాటరీ తగిలించి, కార్బురేటర్ కడిగి, కొత్త పెట్రోలు పోశాం. ఆయన మనవడు హ్యాండిల్ పెట్టి తిప్పాడు. నాలుగోసారికి ఇంజను దగ్గింది, ఏడోసారికి నిలబడింది. బ్రేకు లేదు కాబట్టి లో గేరులో మనిషి నడకతో పెన్న ఇసుకలోకి దింపాం. రెండు చక్రాలతో ఇరవై అడుగులు పోయి కూరుకుపోయింది. పెద్దాయన పక్కన కూర్చుని తనే ముందు రాడ్డు లాగాడు. బండి ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, ఇసుక తోసుకుంటూ పైకి లేచింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. నేనూ కాసేపు మాట్లాడలేకపోయాను.

రెండు లక్షల నలభై వేలకు కుదిరింది. కానీ ఆర్సీ చనిపోయిన వాళ్ల నాయన పేరు మీదే ఉంది. ముందు ఫారం 31తో వారసుడిగా పెద్దాయన పేరుకు మారాలి, ఆ తర్వాతే 29, 30 మీద నా పేరుకు. నేరుగా సంతకాలు పెట్టించుకుని తెచ్చుకునే వాళ్లున్నారు, నేను ఆ పని చేయను. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి కూడా ఆయనకు చెప్పాను. ఇరవై వేల ఫీజు, నంబరులో 'వీఏ' అని వస్తుంది. బండి అసలు రూపంలోనే ఉండాలి, రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ఆయనకు నచ్చింది ఆ అసలు రూపం మాటే. "అయితే దీన్ని కోయరు కదా?" అని రెండుసార్లు అడిగాడు. కోయనని మాటిచ్చాను.

పాతిక వేలు అడ్వాన్స్ ఇచ్చి, కాగితాలు కాగానే లారీతో వస్తామని లేచాం. రసీదు రాయమందామా అనుకుంటుండగానే ఆయన కొట్టంలోకి పోయి, హ్యాండిల్‌ను పాత పంచె ముక్కలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బండి నా కాడ ఉంటాది, ఇది నీ కాడ ఉండనీ నాయనా. ఇది లేకుండా దాన్ని ఎవరూ స్టార్ట్ చేయలేరు."