కాన్ఫరెన్స్‌కి బయల్దేరే పీజీలకు

ఒడిశాలోని బరంపురంలో మెడికల్ పీజీ చేస్తున్న మన తెలుగు పిల్లలకి ఒక మాట. భువనేశ్వర్‌కైనా విశాఖకైనా హౌరా–చెన్నై లైను మీదే ప్రయాణం, దూరమన్న సాకు చెల్లదు.

అసలు పని రైలెక్కక ముందే. అబ్‌స్ట్రాక్ట్‌కి, అంటే ముందుగా పంపే పరిశోధన సారాంశానికి, సాధారణంగా 250 పదాలే ఇస్తారు. సగం ఉపోద్ఘాతానికే పోస్తే ఫలితాల దగ్గర అంకెలకి చోటుండదు, తిరిగొచ్చేది అందుకే. ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, కేసు ఫొటో ఉంటే రోగి సమ్మతి పత్రం దగ్గరుంచుకోండి. ఒడియా తప్ప రాని మనిషి చేత ఇంగ్లిషు ఫారం మీద వేలిముద్ర వేయిస్తే అది సమ్మతి కాదు.

పోస్టరు కొలత బ్రోచర్‌లో చూశాకే ప్రింటుకివ్వండి. నిలువు బోర్డుకి అడ్డం ఫ్లెక్సు తెచ్చి అంచులు మడిచేవాళ్లు ఏటా కనబడతారు.

ఫెలోషిప్ (పీజీ తర్వాత చేసే ప్రత్యేక శిక్షణ) నడిపే పెద్దల్ని భోజనాల క్యూలో కాదు, సెషన్ అయిన వెంటనే పట్టుకోవాలి. "గైడ్ చేయండి సార్" అంటే తలూపి వెళ్లిపోతారు. ఏడాదికి ఎన్ని సీట్లు, సొంతంగా చేయనిచ్చే కేసులెన్ని, స్టైపెండ్ ఎంత అని అడగండి. ఆ రాత్రే ఈమెయిల్, రెండు పేజీల సీవీతో.

సర్టిఫికెట్‌లో పేరు స్పెల్లింగు, 'ప్రెజెంటర్' అన్న మాట కౌంటర్ దగ్గరే చూసుకోండి. తర్వాత దిద్దించుకోవడం నరకం.