అక్షరం పెరిగితే వాక్యం తెగాలా?

మొన్న ఉగాదికి ఊరికి పోతే నాయన అరుగు మీద కూర్చొని ఫోన్లో ఏదో చదువుతున్నాడు. మాది కొండమల్లేపల్లి దగ్గర, నాలుగెకరాల బత్తాయి తోట. పిందె బాగా రాలుతోందని ఎవరో పంపిన సలహా పేజీ తెరిచాడట. అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. రెండు వేళ్లతో సాగదీసి పెద్దవి చేశాడు, అక్షరం పెరిగింది కానీ వాక్యం కుడివైపు స్క్రీన్ దాటి పోయింది. ప్రతి లైనుకీ కుడికి జరపాలి, చివరిదాకా చదవాలి, మళ్లీ ఎడమకి రావాలి. మందు పేరు కనబడేటప్పుడు మోతాదు కనబడదు, మోతాదు దాకా పోయి వెనక్కి వచ్చేసరికి వేలు కొంచెం కిందికి జారి ఇంకో లైన్లో పడుతున్నాడు. "లీటరు నీళ్లకు ఎంత కలపమన్నడో నువ్వు జర చూడు బిడ్డా" అని ఫోన్ నా చేతికిచ్చాడు. చూస్తే, ఆయన అప్పటిదాకా మనసులో పెట్టుకున్న లెక్క కింది లైన్లో ఉన్న వేరే మందుది. అదే పిచికారీ చేసి ఉంటే చెట్లు ఏమయ్యేవో.

నాకు నిజంగా బాధేసింది. ఎందుకంటే ఈ సమస్యకు పరిష్కారం 2010లో నా చేతిలో ఉన్న సెకండ్ హ్యాండ్ ఫోన్లోనే ఉంది.

అప్పుడు నేను నల్లగొండలో డిగ్రీ, రామగిరిలో నలుగురం కలిసి ఒక రూములో ఉండేవాళ్లం. మేనబావ హైదరాబాద్ నుంచి తెచ్చిచ్చిన ఫోన్ అది, మధ్యలో చిన్న జాయ్‌స్టిక్, కింద నంబర్ల మీటలు, స్క్రీన్ రెండంగుళాల పైన కొంచెం. ప్యాక్ వేసుకోకుండా నెట్ తెరిస్తే 10 కేబీకి 10 పైసలు కోసేవాళ్లు. అంటే 300 కేబీ పేజీ ఒకటి తెరిస్తే మూడు రూపాయలు పోయినట్టే, అదీ పూర్తిగా తెరుచుకుంటేనే. 2జీలో పేజీ సగం లోడయ్యాక ఎవరైనా ఫోన్ చేస్తే డేటా ఆగిపోయేది, మాట్లాడి పెట్టేశాక మళ్లీ మొదటినుంచి. అడ్రస్ కొట్టడం ఇంకో పని, ఎస్ అక్షరం కావాలంటే 7 నాలుగుసార్లు నొక్కాలి, ఒకటి ఎక్కువ నొక్కితే మళ్లీ చుట్టు తిరిగి రావాలి.

ఫోన్‌తో పాటు వచ్చిన బ్రౌజర్లో తెలుగు పేజీ తెరిస్తే అన్నీ డబ్బాలే. అప్పటి ఫోన్లలో చాలావాటికి తెలుగు ఫాంటే ఉండేది కాదు. పైగా కొన్ని పత్రికలు అన్ని చోట్లా ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాకుండా సొంత ఫాంటు వాడేవి, వాటిని తెరిస్తే డబ్బాలు కూడా కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన పిచ్చి రాత కనబడేది.

ఒపెరా మినీ అనే ఇంకో బ్రౌజర్ గురించి పక్క రూము అన్న చెప్పాడు. నార్వే వాళ్లది, 2006 జనవరిలోనే ప్రపంచమంతటికీ వచ్చింది, మా దాకా రావడానికి అంత టైమ్ పట్టింది. దాని పనితనం ఏమిటంటే, మనం అడిగిన పేజీని ముందు వాళ్ల సర్వరే తెరుస్తుంది, బొమ్మలు కుదించి, మొత్తం పిండి, బాగా తగ్గించి మన ఫోన్‌కి పంపుతుంది. 90 శాతం దాకా తగ్గుతుందని వాళ్లు చెప్పుకునేవాళ్లు. ప్రతి పేజీకీ అంత తగ్గిందని నేననను కానీ, మూడు రూపాయల పేజీ పైసల్లోకి దిగడం మాత్రం నేను కళ్లారా చూశాను.

ఇక తెలుగు. అన్న నా ఫోన్ తీసుకుని అడ్రస్ కొట్టే చోట ఉన్నదంతా చెరిపేసి 'ఒపెరా:కాన్ఫిగ్' అని కొట్టాడు. పవర్ యూజర్ సెట్టింగ్స్ అని ఒక పొడుగాటి పేజీ వచ్చింది. జాయ్‌స్టిక్‌తో కిందికి, ఇంకా కిందికి పోతే అడుగున 'యూజ్ బిట్‌మ్యాప్ ఫాంట్స్ ఫర్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అని ఉంది. పక్కన నో. దాన్ని యెస్ చేసి సేవ్ కొట్టాడు. తర్వాత తెలుగు వికీపీడియా తెరిస్తే డబ్బాలున్న చోట అక్షరాలు! ఒత్తులు, గుణింతాలు అన్నీ సరిగ్గా. ఫోన్‌లో తెలుగు రాలేదు, ఎక్కడో సర్వర్ ప్రతి అక్షరాన్నీ బొమ్మగా గీసి పంపింది. బొమ్మలు కాబట్టి డేటా కొంచెం ఎక్కువ తినేది. అయినా ఆ రాత్రి నేను నాగార్జునసాగర్ గురించి, రాచకొండ గురించి, తెలుగు బ్లాగులను ఒకచోట చూపే 'కూడలి' సైట్లో కనబడిన బ్లాగులు ఒక్కొక్కటీ, బ్యాటరీ అయిపోయేదాకా చదివాను. మా భాష నా జేబులోకి వచ్చిందన్న సంతోషం అది, ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు పులకరిస్తుంది.

నాయన విషయానికి సంబంధించింది దానిలో ఇంకొకటి ఉంది. ఒపెరా మినీ 4 నుంచి పేజీ మొత్తం ముందు చిన్నగా, పైనుంచి చూసినట్టు కనబడేది. కావాల్సిన చోట 5 నొక్కితే అక్కడికి దగ్గరయ్యేది, కానీ ఆ భాగం మన స్క్రీన్ వెడల్పుకి తగ్గట్టు మడిచి చూపేది. 8 నొక్కుతూ కిందికి పోవడమే, పక్కకి జరపాల్సిన పని చాలావరకు ఉండేది కాదు. మొబైల్ వ్యూ పెట్టుకుంటే పేజీ అంతా ఒకటే వరుసగా వచ్చేది. చూడ్డానికి అందంగా ఉండేదా అంటే లేదు, మెనూలన్నీ ముందు వచ్చి అసలు విషయం ఎక్కడో కింద ఉండేది. చదవడానికి మాత్రం హాయి.

తర్వాత మూడంగుళాల టచ్ ఫోన్ కొన్నాను. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు దాని బ్రౌజర్ సఫారీ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పు ఉన్నట్టు లెక్కేసి కుదించి చూపించింది, రెండు వేళ్లతో పెద్దది చేసుకోమంది. మిగతావాళ్లూ ఆ దారే పట్టారు. అయినా అప్పటి ఆండ్రాయిడ్ బ్రౌజర్లో రెండుసార్లు తడితే వాక్యాలు స్క్రీన్ కొలతకి మళ్లీ సర్దుకునేవి. 2013లో ఆండ్రాయిడ్ 4.4 కిట్‌క్యాట్‌తో ఆ పద్ధతి తీసేశారు. సైట్లే ఫోన్‌కి తగ్గట్టు మారతాయన్నది లెక్క. పెద్ద సైట్లు మారాయి. మా నాయనకి కావాల్సిన పేజీలు, ఎప్పుడో కంప్యూటర్ కోసం చేసి వదిలేసినవి, అట్లాగే ఉన్నాయి. కొన్ని సైట్లయితే అసలు జూమే కానివ్వవు, డిజైన్ చెదిరిపోతుందట. డిజైన్ చెదిరితే ఏమైతది, అరవై ఏళ్ల మనిషికి అక్షరం కనబడాలి కదా!

ఆ రోజే నాయన ఫోన్లో ఒపెరా వేశాను. దాని సెట్టింగ్స్‌లో ఇప్పటికీ టెక్స్ట్ వ్రాప్ అని, వాక్యాన్ని స్క్రీన్ వెడల్పుకి మడిచేది ఉంది, అది ఆన్ చేసి, జూమ్ అన్ని సైట్లలో పనిచేసేట్టు పక్కనున్న ఆప్షన్ కూడా పెట్టి, అదే బత్తాయి పేజీ తెరిచి ఇచ్చాను. రెండు వేళ్లతో సాగదీశాడు. వాక్యాలు ఒక్క క్షణం కదిలి, స్క్రీన్ లోపలే సర్దుకున్నాయి. వేలు కిందికి మాత్రమే జరుపుతూ పెదాలు కదిలిస్తూ చదివాడు. మోతాదు దగ్గర ఆగి, మళ్లీ ఒకసారి చదివి, లోపలికి పోయి గోడ మీద క్యాలెండర్లో ఆ తారీఖు కింద పెన్నుతో రాసుకున్నాడు.

"మల్లయ్య ఫోన్ల కూడా గిట్లనే చేసిపోరాదు" అన్నాడు బయటికి వస్తూ.

సాయంత్రం బస్సుకి ముందు ఆ పని కూడా చేసే వచ్చాను.