మా ఫుట్‌బాల్ సిమ్యులేషన్ లీగ్ లాగ్: మూడో సీజన్, డిఫెన్స్ ఆల్‌స్టార్ ఓటింగ్

శనివారం రాత్రి

14వ వారం మ్యాచ్‌లు ఈ సాయంత్రంతో అయిపోయాయి. ఎనిమిది జట్లు, ఒక్కో జోడీ రెండేసి సార్లు ఆడితే మొత్తం 56 మ్యాచ్‌లు. ప్లేఆఫ్‌లకు ముందు మిగిలింది ఆల్‌స్టార్ ఓటింగ్, అంటే సీజన్‌లో బాగా ఆడినవాళ్లతో ఒక జట్టును ఎంచడం. అఫెన్స్ ఓటింగ్ పావుగంటలో తేలిపోయింది, దాని గురించి రాయడానికేమీ లేదు. డిఫెన్స్ దగ్గరే నా మనసు ఆగిపోయింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. మాది అమెరికన్ ఫుట్‌బాల్, కోలగా ఉండే బంతితో ఆడేది. తిరుపతిలో మా మేడ మీద గదిలో నేను పైథాన్‌లో రాసుకున్న స్క్రిప్ట్ ఒక్కో ప్లేనీ ఆడిస్తుంది, ఫలితాలు గూగుల్ షీట్‌లో పడతాయి. జట్లకు మన ఊళ్ల పేర్లే పెట్టుకున్నాం: తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి, చిత్తూరు, పలమనేరు, మదనపల్లె, కుప్పం. ఆటగాళ్లకు పేర్లు లేవు, జెర్సీ నంబర్లే. ఒక్కో జట్టుకు ఒక మేనేజర్. స్క్రిప్ట్ నా చేతిలో ఉంటుంది కాబట్టి నేను ఏ జట్టూ నడపను.

ఓటింగ్ పద్ధతి ఇంతవరకు చాలా సులువు. ఎనిమిది మందికీ షీట్ పంపుతాను, సొంత జట్టు వాళ్లకు ఓటు వేయకూడదు, నచ్చిన నంబర్లకు టిక్ పెట్టాలి. కార్నర్‌బ్యాక్‌లు (బంతి అందుకోవడానికి పరుగెత్తే ఎదుటి రిసీవర్‌ను కాసేవాళ్లు) ఇద్దరు కావాలి, అంటే 16 టిక్‌లు. పుత్తూరు 21కి 7 వచ్చాయి, అంటే రాగలిగినవన్నీ వచ్చినట్టే. మదనపల్లె 22కి 5, శ్రీకాళహస్తి 20కి 3, చంద్రగిరి 24కి 1.

పుత్తూరు 21 ఈ సీజన్‌లో 7 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు, అంటే ఎదుటివాళ్లు వేసిన బంతిని ఏడుసార్లు మధ్యలోనే పట్టేశాడు. చంద్రగిరి 24 పట్టింది ఒక్కటే. షీట్‌లో డిఫెన్స్‌కు నేను పెట్టిన కాలమ్‌లు మూడు: ట్యాకిళ్లు (బంతి ఉన్నవాడిని పడగొట్టడం), శాక్‌లు (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను విసరకముందే పడగొట్టడం), ఇంటర్‌సెప్షన్లు. అవి చూసి ఎవరైనా అలాగే ఓటేస్తారు. చంద్రగిరి మేనేజర్ మా పిన్ని కూతురు, ఎమ్మెస్సీ చదువుతోంది. రాత్రి ఒక్క మెసేజ్ పెట్టింది: "అన్నా, మావాడి వైపు బంతి ఎన్నిసార్లు వేసినారో ఒకసారి లెక్క చూడు."

ఆదివారం

పొద్దున్నే కూర్చున్నాను. నా స్క్రిప్ట్‌లో పాస్ ఎలా పడుతుందంటే, ముందు ప్రతి రిసీవర్‌కు ఒక 'ఖాళీ' స్కోరు లెక్క కడుతుంది. రిసీవర్ పరుగు రేటింగ్‌లోంచి అతన్ని కాస్తున్న కార్నర్ కవర్ రేటింగ్ తీసేసి, దానికి కొంత అదృష్టం కలుపుతుంది. క్వార్టర్‌బ్యాక్ ఎక్కువ ఖాళీ ఉన్నవాడికి వేస్తాడు. కార్నర్ గట్టివాడైతే అతను కాసే రిసీవర్‌కు ఖాళీ దొరకదు, బంతి అటు రాదు. రానప్పుడు షీట్‌లో ఏమీ పడదు. ఆ రోజు అతను ఎంత బాగా ఆడితే అతని వరుస అంత ఖాళీగా కనిపిస్తుంది. మూడు సీజన్లుగా ఇది నా కళ్ల ముందే జరుగుతోంది.

పాత మ్యాచ్‌ల్లో బంతి ఎవరి వైపు వేశారన్నది నేను దాచలేదు. కానీ ప్రతి మ్యాచ్‌కూ సీడ్ నంబర్, అంటే స్క్రిప్ట్ ర్యాండమ్ నంబర్ల వరుసను మొదలుపెట్టే అంకె, రాసిపెట్టుకున్నాను. అదే సీడ్‌తో అదే స్క్రిప్ట్ నడిపితే అదే మ్యాచ్ అక్షరం పొల్లు పోకుండా మళ్లీ వస్తుంది. ఇలాంటిది సొంతంగా చేసుకునేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కొత్త కాలమ్ లెక్కించే కోడ్ ఎక్కడా ర్యాండమ్ నంబర్‌ను పిలవకూడదు. ఒక్కసారి పిలిచినా అక్కడి నుంచి వరుస మారిపోయి వేరే మ్యాచ్ వస్తుంది. నేను 'టార్గెట్' అనే కాలమ్ కలిపి మొదటి వారం నాలుగు మ్యాచ్‌లు నడిపాను. స్కోర్లు పాతవాటితో సరిగ్గా కలిశాయి. ప్రాణం లేచి వచ్చింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగతావి మొదలుపెట్టాను. బయట పొద్దుటి నుంచీ వాన. 11వ వారం నడుస్తుండగా కరెంటు పోయింది, ఫైలు సగంలో తెగింది. నేను వారం మొత్తం అయ్యాకే ఫైలు సేవ్ చేసేలా రాసుకున్నాను. ఇప్పుడు ప్రతి మ్యాచ్ అవ్వగానే సేవ్ అయ్యేలా మార్చాను.

సోమవారం

లెక్కలు వచ్చాయి.

చంద్రగిరి 24: పాస్ కవరేజ్‌లో ఉన్న స్నాప్‌లు (రిసీవర్‌ను కాస్తూ ఆడిన ప్లేలు) 475. అతని వైపు వేసిన బంతులు 38. అందుకున్నవి 17, ఇచ్చిన గజాలు 190, టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం) 1, ఇంటర్‌సెప్షన్ 1.

పుత్తూరు 21: స్నాప్‌లు 480. వేసిన బంతులు 104. అందుకున్నవి 66, గజాలు 858, టచ్‌డౌన్‌లు 5, ఇంటర్‌సెప్షన్లు 7.

ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. ఒకరి వైపు పన్నెండు స్నాప్‌లకు ఒకసారి బంతి వస్తే, ఇంకొకరి వైపు నాలుగైదు స్నాప్‌లకే వస్తోంది. అన్నిసార్లు వస్తే ఏడు పట్టడానికి అవకాశమూ ఉంటుంది.

అలాగని ఇంటర్‌సెప్షన్‌ను తక్కువ చేయలేం, బంతి చేతులు మారితే ఆట తిరిగిపోతుంది. క్వార్టర్‌బ్యాక్‌లను కొలిచే ఒక పాత లెక్క ఉంది. అందులో టచ్‌డౌన్‌కు 20 గజాలు కలుపుతారు, ఇంటర్‌సెప్షన్‌కు 45 గజాలు తీసేస్తారు. దాన్నే కార్నర్ వైపు నుంచి వాడాను. పుత్తూరు 21కి 858కి 100 కలిపి 315 తీస్తే 643. చంద్రగిరి 24కి 190కి 20 కలిపి 45 తీస్తే 165. వేసిన బంతికి చూస్తే 6.2 గజాలు, 4.3 గజాలు. కవరేజ్ స్నాప్‌కు చూస్తే 1.34, 0.35. ఏడు ఇంటర్‌సెప్షన్లకూ పూర్తి విలువ ఇచ్చాక కూడా 24 చాలా ముందున్నాడు.

అసలు ఆటలోనూ, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ఇది జరిగింది. ఓక్లాండ్ కార్నర్‌బ్యాక్ నామ్డీ ఆసొమ్వా 2006లో 8 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. ఆ ఏడాది అతనికి ప్రో బౌల్‌లో, అంటే ఆ లీగ్ ఆల్‌స్టార్ మ్యాచ్‌లో, చోటు రాలేదు. తర్వాత క్వార్టర్‌బ్యాక్‌లు అతని వైపు వేయడమే మానేశారు. 2008లో పట్టింది ఒక్కటే, ఆ ఏడాదే ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. అక్కడ 1995 నుంచి అభిమానుల ఓటు, ఆటగాళ్ల ఓటు, కోచ్‌ల ఓటు మూడో వంతు చొప్పున లెక్కలోకి వచ్చేవి. ఎదురుగా నిలబడి ఆడినవాడికి ఎవరి వైపు బంతి వేయడానికి భయపడ్డాడో తెలుస్తుంది. మా లీగ్‌లో అది తెలిసింది స్క్రిప్ట్ ఒక్కదానికే, కాబట్టి దాని చేత చెప్పించాల్సింది నేనే.

బుధవారం

మంగళవారం రాత్రి అందరికీ ఫోన్ చేసి ఓటింగ్ మళ్లీ పెడతానని చెప్పాను. ఆరుగురు సరేనన్నారు. చిత్తూరు మేనేజర్ ఆలోచించి రేపు చెబుతానన్నాడు, తెల్లారి ఒప్పుకున్నాడు. మా బావ ఒప్పుకోలేదు. పుత్తూరు ఆయనదే.

గురువారం

బ్యాలెట్ తయారీ. ఇది అనుకున్నదానికంటే పెద్ద పని అయింది.

ముందు స్థానాల గొడవ. ఐదు జట్లు 4-3 (ముందు వరుసలో నలుగురు, వాళ్ల వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు) ఆడతాయి, మూడు జట్లు 3-4. ఒక జట్టులో డిఫెన్సివ్ ఎండ్ (ముందు వరుసలో చివరివాడు) చేసే పనినే ఇంకో జట్టులో బయటి లైన్‌బ్యాకర్ చేస్తాడు. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్లే, కానీ పాత షీట్‌లో వేరువేరు గడుల్లో ఉండేవాళ్లు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తరఫున ఆల్‌ప్రో (ఆ ఏటి మేటి) జట్టు ఎంచేవాళ్లు 2016లో వీళ్లందరినీ 'ఎడ్జ్' అనే ఒకే గడిలోకి తెచ్చారు. నేనూ అదే చేశాను. ఎడ్జ్ ఇద్దరు, లోపలి లైన్ ఇద్దరు, లైన్‌బ్యాకర్లు ముగ్గురు, కార్నర్లు ఇద్దరు, అందరికంటే వెనక కాసే సేఫ్టీలు ఇద్దరు.

లైన్‌బ్యాకర్ల దగ్గర ట్యాకిళ్ల మొత్తం తీసేసి, స్నాప్‌కు ఎన్ని అని పెట్టాను. కుప్పం 52 ఈ సీజన్‌లో 148 ట్యాకిళ్లతో అందరికంటే పైన ఉన్నాడు. కానీ కుప్పం అఫెన్స్ మైదానంలో నిలవదు, పాపం డిఫెన్స్ 1,010 స్నాప్‌లు ఆడాల్సి వచ్చింది. పలమనేరు 55 ఆడింది 770 స్నాప్‌లు, ట్యాకిళ్లు 121. వంద స్నాప్‌లకు చూస్తే 52కి 14.7, 55కి 15.7. ట్యాకిల్ అనేది ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనే అధికారిక గణాంకం కాదు. శాక్ కూడా 1982 నుంచే అధికారికమైంది. ఎక్కువ మొత్తం కనిపిస్తే మంచి ఆటగాడని మనం అనుకుంటాం, కానీ అది చాలాసార్లు చెడ్డ జట్టులో ఉన్నందుకు వచ్చిన మొత్తం.

ఊరి పేరు, నంబర్ తీసేసి ప్రతివాడికీ ఒక అక్షరం ఇచ్చాను: క, ఖ, గ అలా. ఎవరి కాగితంలో వాళ్ల జట్టు వరుసలు ఉండవు, కాబట్టి ఎనిమిది మందికి ఎనిమిది వేరువేరు కాగితాలు. టిక్‌లు తీసేశాను. కార్నర్ల గడిలో ముగ్గురికి వరుస ఇవ్వాలి: మొదటివాడికి 3, రెండోవాడికి 2, మూడోవాడికి 1. మూడో స్థానంలో వచ్చినవాడు రిజర్వు. టిక్ పద్ధతిలో అందరి రెండో ఇష్టం కూడా మొదటి ఇష్టంతో సమానమైపోతుంది, అది నాకు ఎప్పుడూ నచ్చలేదు.

యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించాను. ఫోన్‌లో చూస్తే ఆరు కాలమ్‌లు ఒక్కసారి కనపడవు, జరుపుకుంటూ చూడాలి. కాగితం మీద పక్కపక్కనే ఉంటాయి, పెన్నుతో గీత గీసి పోల్చుకోవచ్చు.

శనివారం

అందరూ సాయంత్రం ఆరుకు మేడ మీదికి వచ్చారు. కుప్పం మేనేజర్ మధ్యాహ్నమే బస్సెక్కి వచ్చాడు. బావ కూడా వచ్చాడు, దానికి నాకు చాలా సంతోషం వేసింది. అమ్మ అందరికీ మసాలా వడలు వేసింది. కాగితాలు పంచాక ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. పలమనేరు మేనేజర్ రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాడు.

కార్నర్ల గడి నేనే పైకి చదివి లెక్కపెట్టాను. 8 కాగితాలు, 48 పాయింట్లు. చంద్రగిరి 24కి 17, మదనపల్లె 22కి 13, పుత్తూరు 21కి 11. మిగతా 7 పాయింట్లు ముగ్గురికి చీలిపోయాయి. రెండు పాయింట్ల తేడాతో పుత్తూరు 21 రిజర్వులోకి వెళ్లాడు.

బావ లేచి నిలబడ్డాడు. "ఏడు పట్టినోడు బెంచీ మీద కూర్చోవాలా?" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది, ఆ ఏడింటిలో రెండు ఆఖరి నిమిషంలో మ్యాచ్ గెలిపించినవి. నేను లెక్క కాగితం ఆయన ముందు పెట్టాను, 45 గజాల లెక్కతో సహా. ఆయన కాలేజీ రోజుల్లో కబడ్డీలో రైట్ కార్నర్ ఆడేవాడు. కాగితం చాలాసేపు చూశాడు. "మా టీంలో లెఫ్ట్ కార్నర్‌లో ఒకడుండేవాడు. రెయిడర్ అటు పోయేవాడే కాదు, అందరూ నా మీదికే వచ్చేవాళ్లు. పాయింట్లన్నీ నాకే పడేవి" అన్నాడు. తర్వాత వాదించలేదు. అయితే రెండో కార్నర్‌గా తనవాడే ఉండాలని మాత్రం ఇప్పటికీ అంటున్నాడు. మదనపల్లె 22 మీద ఆ మాటకు బలం ఉంది, వాళ్లిద్దరి మధ్య తేడా నిజంగా తక్కువే. ఓటు ఓటే కాబట్టి మార్చలేదు.

పిన్ని కూతురు ఏమీ అనలేదు. 24 వరుస ఉన్న కాగితం ఒకటి అడిగి ఇంటికి తీసుకెళ్లింది.

లైన్‌బ్యాకర్లలో పలమనేరు 55, కుప్పం 52 ఇద్దరూ ఎంపికయ్యారు. ఎడ్జ్, సేఫ్టీల్లో మొదటి ఓటింగ్‌కూ దీనికీ తేడా రాలేదు.

ఆదివారం

ఒకటి తప్పిపోయింది. రాత్రి కాగితాలు సర్దుతుంటే కనపడింది.

శ్రీకాళహస్తి 97, నోస్ ట్యాకిల్, అంటే ముందు వరుసలో సరిగ్గా మధ్యలో నిలబడేవాడు. లోపలి లైన్‌లో మూడోవాడిగా మిగిలిపోయాడు. శాక్‌లు 1.5, ట్యాకిళ్లు 29. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆరన్ డోనాల్డ్ 2018లో లోపలి లైన్ నుంచే 20.5 శాక్‌లు చేశాడు, అలాంటివాళ్లను చూశాక 1.5 ఎవరి కంటికీ ఆనదు. కానీ 97 ఆడిన 610 స్నాప్‌ల్లో 352 సార్లు అతని మీద ఇద్దరు బ్లాకర్లు పడ్డారు. అతను ఇద్దరిని పట్టుకుంటే పక్కవాడు ఖాళీగా దూసుకెళ్తాడు, శాక్ ఆ పక్కవాడి ఖాతాలో పడుతుంది. అతను మైదానంలో ఉన్నప్పుడు శ్రీకాళహస్తి మీద ఒక్కో పరుగుకు 3.4 గజాలు వచ్చాయి, లేనప్పుడు 4.9. స్క్రిప్ట్‌లో ఈ లెక్క మొదటి నుంచీ ఉంది, నేను కాగితం మీదికి తేలేదు. మేనేజర్‌కు ఫోన్ చేసి చెప్పాను. "వచ్చే సీజన్‌కి పెట్టు బ్బా, ఈసారికి వద్దులే" అన్నాడు. మూడోసారి ఓటింగ్ పెట్టడం నాకూ న్యాయమనిపించలేదు.

'డబుల్' కాలమ్, మైదానంలో ఉన్నప్పుడు లేనప్పుడు గజాల కాలమ్, రెండూ షీట్‌లో కలిపేశాను. ఆల్‌స్టార్ మ్యాచ్ వచ్చే శనివారం రాత్రి ఎనిమిదికి. సీడ్ నంబర్ నేను ఎంచను. వంద చీటీలు రాసి స్టీలు డబ్బాలో వేశాను, అందరి ముందూ బావ తీస్తాడు.