చేతిలో రొద ఆగిన రాత్రి

మాది కనిగిరి దగ్గర పల్లె. డయాలసిస్ మొదలై మూడో ఏడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టే ఫిస్టులా రెండుసార్లు పాడైపోయింది, నరాలు సన్నమన్నారు. చివరికి ఎడమ జబ్బలో గ్రాఫ్ట్ వేశారు. అది ఆ రక్తనాళాల మధ్య అతికే ప్లాస్టిక్ గొట్టం, రక్తం గడ్డకట్టకుండా లోపలి గోడకు హెపారిన్ పట్టించి ఉంటుంది. మూడు వారాలకే సూదులు గుచ్చడం మొదలుపెట్టారు.

డిశ్చార్జి రోజు ఆ ఆస్పత్రిలో ఒకాయన, "మందు పూసిన గొట్టమమ్మా, గడ్డకట్టే ప్రసక్తే లేదు" అన్నాడు. ఫిస్టులా ఉన్నప్పుడు పొద్దునా రాత్రీ చెయ్యి తడిమి చూసుకునేదాన్ని, ఆ మాట విన్నాక మానేశాను.

ఒక గురువారం డయాలసిస్‌లో నీళ్లు ఎక్కువ తీశారు, బీపీ బాగా పడిపోయింది. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్నా. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఎడమ చెయ్యి నా ఒంటి కిందే ఉంది. తడిమితే రొద లేదు. గ్రాఫ్ట్ ఉన్నవాళ్లకు తెలుసు, వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటూ ఉంటుంది. మా ఆయన చెవి ఆనించి విన్నాడు, ఫ్యాను ఆపి మళ్లీ విన్నాడు, ఏమీ మాట్లాడలేదు. ఆయన ముఖం చూసి నాకు ఏడుపొచ్చేసింది, ఇది కూడా పోతే ఇంకెక్కడ గుచ్చుతారు, మళ్లీ మెడలో గొట్టమేనా అని.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే నైట్ డ్యూటీ ఆయన, "మందు గొట్టం కదా, ఏం కాదు, సోమవారం సారు వచ్చాక రండి" అన్నాడు. శనివారం నాకు డయాలసిస్ ఉందని చెప్పినా వినలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా డయాలసిస్ టెక్నీషియన్ అబ్బాయి మాత్రం నిద్రలో లేచి, "సోమవారం దాకా ఆగితే గొట్టం దక్కదమ్మా, ఇప్పుడే బయల్దేరండి" అన్నాడు. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని పొదిలి మీదుగా ఒంగోలు చేరాం, వేరే ఆస్పత్రికి. గడ్డ తీశారు, గొట్టం నరానికి అతికిన చోట సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేశారు. ఆ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది: పూసిన మందు, గొట్టం గోడకు రక్తం అంటుకోకుండా కొంతవరకు కాపాడుతుందే గానీ, అతుకు దగ్గర నరం మూసుకుపోతుంటే, బీపీ పడి రక్తం నెమ్మదిస్తే అదేం చేస్తుంది? హెపారిన్ వల్ల గతంలో ప్లేట్‌లెట్లు పడిపోయిన వాళ్లకు ఈ గొట్టం అసలు వేయకూడదట. ఆ సంగతి మొదటి ఆస్పత్రిలో నన్నెవరూ అడగనే లేదు.

గ్రాఫ్ట్ ఉన్నవాళ్లు దయచేసి రోజూ చెయ్యి తడిమి చూసుకోండి, ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, బిగుతు గాజులు వేయకండి, దాని మీద పడుకోకండి. రొద ఆగితే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

కారులో మాలకొండ నరసింహస్వామికి మొక్కుకున్నా. గుడి తీసేదేమో శనివారం ఒక్కరోజే, నా డయాలసిస్సూ ఆ రోజే. సంగతి తెలిసి ఆ అబ్బాయే నా షిఫ్టును సోమ, బుధ, శుక్రవారాలకు మార్పించాడు. పోయిన శనివారం వెళ్లి మొక్కు తీర్చుకుని, ఆ అబ్బాయి పేరున కూడా అర్చన చేయించి వచ్చాం.