వాహెనింగెన్: మట్టి నుంచి ముద్ద దాకా

స్టేషన్ పేరు ఈడె-వాహెనింగెన్. కానీ రైలు దిగేది ఈడె ఊళ్లో. వాహెనింగెన్‌కి రైలు లేదు, అక్కడి నుంచి బస్సెక్కాలి. నా మేనకోడలు స్టేషన్ దగ్గరే నిలబడి ఉంది. తను ఇక్కడి యూనివర్సిటీలో ఫుడ్ టెక్నాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. "ఆమ్‌స్టర్‌డామ్ కాలవలు తర్వాత చూద్దువుగాని అత్తా, ముందు మా క్యాంపస్‌కి రా" అని ఆరు నెలలుగా పిలుస్తోంది. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఇరవై ఏళ్లుగా ప్రోటీన్ల బొమ్మలు బోర్డు మీద గీస్తున్నాను. అవి తిండిగా మారే చోటు చూడాలని నాకూ ఎప్పటి నుంచో కోరిక.

నెదర్లాండ్స్‌లో దిగువ రైన్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఇది. 1876లో ఇక్కడ ప్రభుత్వం వ్యవసాయ పాఠశాల పెట్టింది. 1918లో దానికి ఉన్నత విద్యాసంస్థ హోదా వచ్చింది. ఇప్పుడు మట్టి, మొక్క, పశువు, తిండి, ఆ తిండి తినే మనిషి, అన్నిటినీ ఒకే క్యాంపస్‌లో చదువుతారు. ల్యూమెన్ అనే భవనం మధ్యలో గాజు కప్పు కింద తోటలే పెంచారు. ఆఫీసు గది తలుపు తీస్తే ఎదురుగా చెట్లు.

నన్ను కదలనివ్వనిది మాత్రం మట్టి మ్యూజియం. 1966లో మొదలైన ఐఎస్‌ఆర్‌ఐసీ అనే అంతర్జాతీయ నేలల సమాచార సంస్థది అది. ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన నేలల నిలువు కోతలు అక్కడ గోడలకు వరసగా నిలబెట్టి ఉన్నాయి. గొయ్యి తవ్వి, దాని గోడకి పొడవాటి పెట్టె ఆనించి, పొరలు చెదరకుండా మట్టిని కోసి తెస్తారు. తర్వాత లక్కలాంటి ద్రవం పట్టించి గట్టిపరుస్తారు. ఒకదాంట్లో పైన నల్లటి పొర, కింద బూడిద తెలుపు, ఇంకా కింద తుప్పు రంగు. పై నుంచి నీళ్లు ఇనుమునీ సేంద్రియ పదార్థాన్నీ కిందికి మోసుకెళ్లి దింపిన గుర్తులవి. నల్లరేగడి జాతి నేలల్నీ చూశాను. వాటిలోని బంకమన్ను తడికి ఉబ్బి, ఎండకి బీటలు వారుతుంది. ఆ కదలికకి లోపలి మట్టి ఒకదాని మీద ఒకటి జారి, నున్నగా మెరిసే ముఖాలు తేలతాయి. పాఠంలో చెప్పడమే గానీ వాటిని కంటితో చూడటం ఇదే మొదటిసారి. దాదాపు గంటసేపు ఆ గది వదల్లేకపోయాను.

మధ్యాహ్నం ల్యాబ్‌కి వెళ్లాం. సోయా ప్రోటీన్, గోధుమలో ఉండే సాగే ప్రోటీన్ గ్లూటెన్, నీళ్లు కలిపిన ముద్దని మాంసంలా నారలు నారలుగా మార్చే పరికరం ఉందక్కడ. షియర్ సెల్ అంటారు. ఒక శంకువు మీద ఇంకో శంకువు బోర్లించినట్టుంటుంది. మధ్య సందులో ముద్ద. ఒకటి కదలకుండా ఉంటే రెండోది నెమ్మదిగా తిరుగుతుంది, పైగా వేడి. ఆ లాగుడుకి ప్రోటీన్లు తిరిగే దిక్కులోనే సాగి పేరుకుంటాయి. చల్లార్చాక మేనకోడలు ఓ ముక్కని రెండు చేతులతో చీల్చింది. ఉడికిన కోడిమాంసం ఎలా విడుతుందో అచ్చం అలాగే పోగులు పోగులుగా విడింది.

దీని పుట్టుక ఇంకా బాగుంది. ఇలాంటి పరికరాన్ని మొదట చేసుకున్నది మాంసం కోసం కాదు. వేడికీ ఒరిపిడికీ పిండిపదార్థం ఏమవుతుందో చూడటానికి. తర్వాత అందులో పాల ప్రోటీన్ కేసీన్ వేస్తే నారలు కనిపించాయి. అక్కడి నుంచి సోయాకి వచ్చారు. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి, శంకువుల బదులు ఒకదాంట్లో ఒకటి ఇమిడే సిలిండర్లతో పెద్దది కట్టి, 30 మిల్లీమీటర్ల మందం ముక్క తీశారు. నారల అమరిక లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి డెల్ఫ్ట్‌లోని పరిశోధన రియాక్టర్ నుంచి వచ్చే న్యూట్రాన్లనీ వాడుకున్నారు. ముద్దలో చిక్కుకున్న గాలి బుడగలు కూడా సాగి నారల్లో పాలు పంచుకుంటాయని ఇలాంటి పరిశోధనల్లోనే తేలింది. బుడగని తీసేయాల్సిన లోపంగా చూసే ఇంజినీరు ఒక్కడే ఉండి ఉంటే ఈ సంగతి ఎప్పటికి బయటపడేదో! నాలుగు శాస్త్రాల వాళ్లు ఒకే ముద్ద చుట్టూ చేరాలి. నాకైతే అది గట్టిగా తోచింది.

మేనకోడలి పని గ్లూటెన్ లేకుండా, పప్పుజాతి గింజల ప్రోటీన్‌తోనే ఆ నారలు తేవడం. గ్లూటెన్‌కున్న సాగుడు గుణం వీటికి లేదు. "పోగులు రావత్తా, రబ్బరులా గడ్డ కడుతుంది. రెండేళ్లుగా అదే టెన్షన్" అంది.

సాయంత్రం ఊళ్లోకి నడిచాం. హోటల్ డె వెరెల్డ్ కనిపించింది. 1945 మే 5న జర్మన్ సేనల లొంగుబాటు గురించి కెనడా జనరల్ ఫౌక్స్, జర్మన్ జనరల్ బ్లాస్కోవిట్స్ మాట్లాడుకున్నది ఇందులోనే. దానికి ముందు శీతాకాలం ఈ దేశంలో తిండి లేక వేలమంది చనిపోయారు. ఆ హోటల్ ముందు నిలబడి మేనకోడలికి డికె గురించి చెప్పాను. విల్లెం డికె పిల్లల డాక్టరు. సీలియాక్ అనే పేగుల జబ్బున్న పిల్లలకి గోధుమ పడటం లేదేమోనని 1930ల నుంచే ఆయనకి అనుమానం. ఆ కరువులో రొట్టె దొరకనప్పుడు వాళ్లు కోలుకున్నారు, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బు పడ్డారు. తర్వాత యుట్రెక్ట్‌లో వాన్ డె కామర్ అనే రసాయన శాస్త్రవేత్తతోనూ వెయెర్స్ అనే మరో పిల్లల డాక్టరుతోనూ కలిసి, గోధుమలో చెరుపు చేస్తున్నది పిండిపదార్థం కాదు, గ్లూటెన్ అని తేల్చారు.

తను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నా థీసిస్‌లో గ్లూటెన్ ఎందుకు వద్దో ఒక్క లైనే రాశానత్తా" అంది చివరికి.

బస్సు వచ్చింది. తను ఎక్కలేదు. ల్యాబ్‌లో ఇంకో ముద్ద చల్లారుతోందట, విప్పి చూడాలట. క్యాంపస్ వైపు గబగబా నడిచి వెళ్లింది.